గాలి ఉంది, కొట్టను

పదో తరగతి పాసై ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండాలి. అయిదు రోజుల శిక్షణ, ఒక రాత పరీక్ష, మైదానంలో ఒక ఎగిరే పరీక్ష. గట్టెక్కితే పదేళ్లు చెల్లే సర్టిఫికెట్. డ్రోన్ పైలట్ కావడం మరీ ఇంత తేలికా? ఆ అయిదు రోజులూ బ్యాచ్‌లో కూర్చుని చూసొచ్చిన కథనం.

నమూనా పేపర్లో పదిహేడో బిట్టు ఇలా ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నర. పత్తి చేను. పడమటి గాలి గట్టిగా వీస్తోంది. తూర్పు గట్టు అవతల మల్బరీ తోట. రైతు డబ్బులు ముందే ఇచ్చేశాడు. పైలట్ ఏం చేయాలి? ఎ) ఎత్తు పెంచాలి. బి) వేగం పెంచాలి. సి) సగం చేనుకే కొట్టాలి. డి) ఎగరేయకూడదు.

క్లాసులో పద్దెనిమిది మందిమి. పదిహేడు మందిమి 'డి' పెట్టాం. ఒక్కావిడ మాత్రం ఏదీ పెట్టకుండా, పేపరు మీద పెన్ను ఆనించి కూర్చుంది. సార్ దగ్గరికొచ్చి "ఏమ్మా, తెలీదా?" అన్నారు.

"తెలుసు సార్, 'డి'నే. కానీ డబ్బులు ముందే ఇచ్చాడని రాశారుగా. అవి నేను అప్పటికే ఇంట్లో ఖర్చుపెట్టేసుంటే?"

అందరం నవ్వాం, సారుతో సహా. నవ్వడం అయ్యాక ఆయనే అన్నారు: "ఈ బిట్టుకి మార్కు ఒకటేనమ్మా. కానీ రేపు నీ పనంతా ఇదే."

ఆవిడది దివిసీమ. పొదుపు సంఘం సభ్యురాలు. ఇరవై ఏళ్ల కిందటి టెన్త్ మెమోని ట్రంకుపెట్టె అడుగు నుంచి వెతికి పట్టుకొచ్చింది. ఆవిడ పక్క బెంచీలో పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లిద్దరు. వెనక ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఎరువుల దుకాణం వాళ్లబ్బాయి. బీటెక్ పూర్తిచేసి సర్వే కంపెనీల వైపు చూస్తున్న ముగ్గురు. మూల సీట్లో సైన్యంలో రిటైరైన సుబేదారు గారు, రోజూ అందరికంటే పావుగంట ముందే వచ్చేవారు. ఇక నేను. నలుగురితో ఫోన్లో మాట్లాడి రాసేస్తే సరిపోతుందిగా అన్నాడు మా డెస్కులో ఒకాయన. సరిపోదనిపించింది. నియమాల ప్రకారం అరవై అయిదేళ్ల దాకా ఎవరైనా చేరొచ్చు, నాకింకా నలభై ఏడే. చిన్నప్పుడు సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తే తీగల మీదే తేలిన చరిత్ర నాది. ఆ సంగతి దరఖాస్తులో ఎవరూ అడగలేదు.

అడిగేవి వేరే. పదో తరగతి మెమో, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, ఫొటోలు, డాక్టరు దగ్గర తీసుకున్న ఫిట్‌నెస్ కాగితం. ఒకప్పుడు పాస్‌పోర్టు కూడా అడిగేవారు. విమానం ముఖమే చూడని ఊళ్లో ఆడమనిషికి పాస్‌పోర్టు ఎక్కణ్నుంచి వస్తుంది? 2023 సెప్టెంబరులో నియమాలు సవరించి ఆ మెలిక తీసేశారు. ఓటరు కార్డో, రేషన్ కార్డో, డ్రైవింగ్ లైసెన్సో ఉంటే చాలన్నారు. నన్నడిగితే, డ్రోన్ల మీద కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుల్లో పల్లెటూరికి నేరుగా పనికొచ్చింది ఇదే.

అసలు కథ 2021 ఆగస్టు 25న మొదలైంది. అప్పటిదాకా ఉన్న చాంతాడంత నిబంధనల్ని పక్కనపెట్టి కొత్త డ్రోన్ నియమాలు తెచ్చారు. 2022 ఫిబ్రవరిలో 'లైసెన్స్' అన్న మాట పోయి 'రిమోట్ పైలట్ సర్టిఫికెట్' అన్న మాట వచ్చింది. మాట మారితే ఏమైంది అనుకోకండి. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, గుర్తించిన శిక్షణ సంస్థే నేర్పుతుంది, పరీక్ష పెడుతుంది, పాసైనవాళ్ల వివరాలు పోర్టల్లోకి ఎక్కిస్తుంది. సర్టిఫికెట్‌కు ప్రభుత్వానికి కట్టేది వంద రూపాయలు. సంస్థకు కట్టేది వేరే, స్మాల్ తరగతికి ముప్పై వేల నుంచి డెబ్బై వేల దాకా, ఊరిని బట్టి, సంస్థ పేరును బట్టి.

తరగతి అంటే బరువు. చట్టం డ్రోన్‌ను చూడగానే ముందు కాటా మీదే పెడుతుంది. 250 గ్రాముల దాకా నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, 150 కిలోల దాకా మీడియం, ఆపైన లార్జ్. ఇక్కడే తిరకాసు బిట్లు పడతాయి. బరువంటే ఖాళీ డ్రోన్ బరువు కాదు. బ్యాటరీ, ట్యాంకీ, అందులో పోసిన మందునీళ్లు అన్నీ కలిపి నేల మీంచి లేచేటప్పటి మొత్తం. పద్నాలుగున్నర కిలోల డ్రోన్‌కు పది లీటర్ల మందు పోస్తే ఏ తరగతి? ఇరవై నాలుగున్నర, కాబట్టి స్మాల్. మన పొలాల్లో తిరిగే పది లీటర్ల డ్రోన్లు చాలావరకు ఈ గీతకు లోపలే ఉండేలా తయారైనవి. అదే డ్రోన్‌కు పన్నెండు లీటర్ల ట్యాంకీ ఉంటే? ఇరవై ఆరున్నర. మీడియం. మీ దగ్గరున్న స్మాల్ సర్టిఫికెట్ దానికి చెల్లదు. రెండు లీటర్ల తేడాతో బస్సు లైసెన్సు లేకుండా బస్సు నడిపినట్టవుతుంది.

పెళ్లి కుర్రాళ్లకు మరో చిక్కు. నానోకు ఎవరికీ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రో అయితే, సరదాకి ఎగరేసుకుంటే అక్కర్లేదు, డబ్బులకు ఎగరేస్తే కావాలి. "అంటే చెల్లెలి పెళ్లి తీస్తే వద్దు, పక్కింటి పెళ్లి తీస్తే కావాలన్నమాట" అని తేల్చాడొకడు. సార్ కాదనలేకపోయారు. అంతకంటే పెద్ద చిక్కు డ్రోన్ దగ్గరే ఉంది. బండికి నంబరు ప్లేటులాగా ప్రతి డ్రోన్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప. మార్కెట్లో చేతులు మారి వచ్చిన సరుకుకు ఆ సంఖ్య ఉందో లేదో కొన్నవాడికే తెలీదు. నంబరు లేని డ్రోన్‌ని సర్టిఫికెట్ ఉన్నవాడు ఎగరేసినా తప్పు తప్పే. జరిమానా లక్ష రూపాయల దాకా వేయొచ్చు. కుర్రాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల సంచీలో ఏముందో నేను అడగలేదు.

ఆకాశానికి రంగులు వేసింది కూడా ఈ నియమాలే. ఆకుపచ్చ మండలంలో 400 అడుగులు, అంటే 120 మీటర్ల ఎత్తు దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఉన్న చోట ఆ ఎత్తు సగానికి తగ్గి 200 అడుగులవుతుంది. ఆ ఎత్తులు దాటితే పసుపు, అక్కడ విమానాల రాకపోకలు చూసే వాళ్ల అనుమతి తీసుకోవాలి. ఎరుపులోకి వెళ్లాలంటే కేంద్రమే ఒప్పుకోవాలి. డిజిటల్ స్కై పేరుతో ఈ పటాన్ని 2021 సెప్టెంబరులోనే జనానికి అందుబాటులో పెట్టారు. పటం తెరిచి హైదరాబాద్ చూపించారు సార్. దక్షిణాన శంషాబాద్, నడిమధ్యన బేగంపేట, ఉత్తరాన హకీంపేట, వాయవ్యాన దుండిగల్. నగరంలో పెళ్లి మండపాలున్న చోట్లన్నీ ఏదో ఒక వలయంలో చిక్కుకునే ఉన్నాయి. విశాఖలో నేవీ, గన్నవరంలో రన్‌వే గోడ దాకా పొలాలు. తన మేనమామ పొలం గన్నవరం పక్కనే అని ఒకబ్బాయి అన్నాడు. "మీ మామయ్యని తైవాన్ పంపే వాడుకోమను" అన్నారు సార్.

రెండో రోజు నుంచి బిట్ పేపర్ భయం పట్టుకుంది అందరికీ. మా పాఠాలు తెలుగులో సాగినా పేపరు ఇంగ్లీషులో. బీటెక్ వాళ్లు గైడు ముందేసుకుని బట్టీ పడుతున్నారు. దివిసీమ ఆవిడ మాత్రం వంద పేజీల నోటు పుస్తకంలో తనకు తానే ఒక నిఘంటువు రాసుకుంది. ఆ పుస్తకం అడిగి చూశాను. ఎడమ పక్క ఇంగ్లీషు మాట తెలుగు అక్షరాల్లో, కుడి పక్క ఆవిడ అర్థం. లిఫ్ట్: ఎత్తేది. వెయిట్: దించేది. త్రస్ట్: తోసేది. డ్రాగ్: వెనక్కి లాగేది. థ్రాటిల్: లేపుడు, దించుడు. యా: ఉన్నచోటే మొహం తిప్పుడు. పిచ్: ముందుకి, వెనక్కి. రోల్: పక్కలకి. ఏరోడైనమిక్స్ మీద ఇంత పొదుపైన పాఠం నేనెక్కడా చదవలేదు. పరీక్ష ముందురోజు రాత్రి ఆ పుస్తకం ఫొటోలు మా వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. బీటెక్ వాళ్లే ముందు డౌన్‌లోడ్ చేసుకున్నారు.

నాలుగు రెక్కల డ్రోన్‌లో ఎదురెదురు మూలల్లో ఉన్న మోటార్లు ఒకే వైపు తిరుగుతాయి, పక్కపక్కవి వ్యతిరేకంగా. అన్నీ ఒకే వైపు తిరిగితే డ్రోన్ ఒళ్లే బొంగరమైపోతుంది. మొహం తిప్పాలంటే ఒక జత వేగం పెంచి, రెండో జతది తగ్గించాలి. ఇది అర్థమైతే నాలుగు బిట్లకు సరిపోతుంది. నిటారుగా గబగబా దించితే డ్రోన్ తను కిందికి తోసిన గాలిలోకి తానే దిగి, పట్టు దొరక్క రాయిలా పడిపోతుంది. అప్పుడు థ్రాటిల్ పెంచుతూ కూర్చోకూడదు, ముందుకో పక్కకో తప్పుకుని మంచి గాలిలోకి రావాలి. ఈ ఒక్క సంగతీ చదివి పాసయ్యేది కాదు. మైదానంలో ఒకసారి గుండె జారితే గానీ ఎక్కదు.

బ్యాటరీ పాఠం దగ్గర ఒక పూటంతా ఆగాం, ఆగడమే మంచిదైంది. డ్రోన్‌కు వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, మామూలు లెక్కలో 3.7. ఆరు సెల్స్ వరుసగా కలిపితే నిండుగా 25.2. వాడకుండా నాలుగు రోజులు పక్కన పెట్టాలంటే నిండుగానూ ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు, సెల్‌కు 3.8 దగ్గర ఆపాలి. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోకూడదు. మే నెలలో రెంటచింతల ఎండలో కారు డిక్కీలో బ్యాటరీలు వదిలేసి భోజనానికి వెళ్లేవాడు పైలట్ కాదు, నిప్పు పెట్టేవాడు అన్నారు సార్. ఎండకు ఇంకో దెబ్బ కూడా ఉంది. వేడి గాలి పలచన. పలచని గాలిలో అదే బరువు ఎత్తడానికి రెక్కలు ఎక్కువ తిరగాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. మందు నింపుకున్న డ్రోన్ గాల్లో ఉండేదే పది, పదిహేను నిమిషాలు. అందులో రెండు నిమిషాలు పోతే, చేను మధ్యలో దిగిపోతుంది.

రేడియోలో మాట్లాడే పద్ధతి అందరికీ ఆటవిడుపు. ఆల్ఫా, బ్రావో, చార్లీ నుంచి జూలూ దాకా అక్షరాలు. అంకెల్లో మూడును 'ట్రీ' అనాలి, అయిదును 'ఫైఫ్', తొమ్మిదిని 'నైనర్'. గరగరలాడే రేడియోలో ఒక అంకె ఇంకో అంకెలా వినపడకుండా పెట్టుకున్న ఏర్పాటు. ప్రాణాపాయం వస్తే 'మేడే' అని మూడుసార్లు. "మేడే అంటే కార్మికుల దినం కదా సార్?" అని వెనక నుంచి ఎవరో. కాదు, 'నాకు సాయం చేయండి' అనే ఫ్రెంచి మాట నుంచి పుట్టింది. విమాన లోకమంతా ఒకే గడియారం చూస్తుంది, మన టైము దానికంటే అయిదున్నర గంటలు ముందు. ఉదయం ఆరుంబావుకు డ్రోన్ లేపితే లాగ్ పుస్తకంలో 00:45. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపితే? 23:00, తారీకు కూడా నిన్నటిది. సగం క్లాసు తారీకు దగ్గరే మార్కు పోగొట్టుకుంది. నేను ఆ సగంలోనే ఉన్నాను.

పొలంలో మందు కొట్టుకునేవాళ్లకు ఈ రేడియో గోల ఎందుకని ఖమ్మం అబ్బాయి సణిగాడు. ఆ సణుగుడులో న్యాయం ఉంది. సిలబస్ విమానాల వాళ్లు రాసింది, చదివేది చేలల్లో తిరిగేవాళ్లు. ఏ మందును ఏ మందుతో కలపకూడదు, నీళ్ల ఉదజని సూచిక ఎంత ఉండాలి, నాజిల్ బొట్టు ఎంత సన్నమైతే ఎంత దూరం కొట్టుకుపోతుంది, ఇవి ఈ అయిదు రోజుల్లో పైపైనే తగులుతాయి. అయితే మనుషులెక్కిన విమానానికి, హెలికాప్టరుకు డ్రోన్ ఎప్పుడూ దారి ఇవ్వాలన్న నియమం మాత్రం చేలో ఉన్నవాడికీ కావాలి. వరదలప్పుడు అదే చేను మీదుగా హెలికాప్టరు వస్తుంది. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా పోర్టల్లో తెలియజేయాలన్నదీ అంతే.

మూడో రోజు సిమ్యులేటర్. లాప్‌టాప్‌కు రిమోట్ తగిలించి తెర మీద ఎగరేయడం. ఫోన్లో ఆటలాడి పెరిగిన పెళ్లి కుర్రాళ్లు గంటలో ఆరితేరారు. నేను పదకొండుసార్లు కూల్చాను. తెర మీద కూలినప్పుడల్లా ఒక దిక్కుమాలిన చప్పుడు వస్తుంది, గది అంతా తిరిగి చూస్తుంది. తెర మీది డ్రోన్ ఉచితం, ఎన్నిసార్లయినా కూల్చుకోండి అని సుబేదారు గారు ధైర్యం చెప్పారు. ఆ మాట నిజమే గానీ, తెర మీద గాలి ఉండదు, కళ్లలోకి ఎండ కొట్టదు, అరచేతులకు చెమట పట్టదు.

మైదానంలో తేలింది ఎవరి సంగతేమిటో.

పొద్దున్నే వెళ్లాం. చుట్టూ వల, మధ్యలో సున్నంతో గీసిన చతురస్రం. ముందు డ్రోన్ తోక మనవైపు ఉంచి ఎగరేయిస్తారు. దాని కుడి మన కుడి, దాని ఎడమ మన ఎడమ. బాగానే ఉంటుంది. పదినిమిషాల్లో మనకు పైలట్ అన్న భ్రమ కూడా వస్తుంది. అప్పుడు సార్ "మొహం ఇటు తిప్పు" అంటారు. డ్రోన్ మీవైపు చూస్తుంది. ఇప్పుడు దాని కుడి మీ ఎడమ. అది ఎడమకు జారుతోందని మీరు కర్రను కుడికి తోస్తే ఇంకా ఎడమకే పోతుంది. మెదడుకు తెలుసు, వేళ్లకు తెలీదు. నా డ్రోన్ వల వైపు జారింది. సరిచేయబోయాను, ఇంకా జారింది. కంగారులో ఇంకా గట్టిగా తోశాను. వలకు రెండు గజాల దూరంలో డ్రోన్ ఉన్నట్టుండి బుద్ధిగా ఆగి, వెనక్కి వచ్చింది. నా ప్రతిభ కాదు. సార్ చేతిలో ఇంకో రిమోట్ ఉంటుంది, మీట నొక్కితే పగ్గాలు ఆయనకు పోతాయి. ఆయన ఏమీ అనలేదు. నా మెడ వెనక చెమట మాత్రం వీపు దాకా వచ్చింది.

ఇక్కడ గేమ్‌ల కుర్రాళ్లు తడబడ్డారు. ఎవరూ అనుకోని విధంగా ఖమ్మం అబ్బాయి మొదటిసారే సూదిలా నిలబెట్టాడు. ఎలా అని అడిగితే, "ట్రాలీ తగిలించిన ట్రాక్టర్ని రివర్స్ చేశారా అన్నా ఎప్పుడన్నా? ట్రాలీ ఎటు పోవాలో స్టీరింగ్ దానికి ఎదురు తిప్పాలి. చిన్నప్పట్నుంచి అదేగా చేసేది" అన్నాడు. పల్లెటూళ్లలో ఈ పరీక్షకు సగం తయారై ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకే ఆ సంగతి తెలీదు.

తర్వాత 'ఎనిమిది'. ఆర్టీవో ఆఫీసు వెనక బండితో వేసే ఎనిమిదే, కాకపోతే గాల్లో. మలుపు తిరుగుతున్నంతసేపూ డ్రోన్ మొహం వెళ్లే దారి వైపే ఉండాలి, ఎత్తు మారకూడదు. సగం ఎనిమిదిలో అది మీకు ఎదురొస్తుంది, సగంలో దూరమవుతుంది, మధ్యలో వేళ్ల లెక్క మారిపోతుంది. అంతా కుదిరిందనుకునే వేళకు సార్ మాటామంతీ లేకుండా జీపీఎస్ తీసేస్తారు. అప్పటిదాకా మేకు కొట్టినట్టు నిలబడ్డ డ్రోన్, కాలువలో వదిలిన కాగితప్పడవలా గాలివాటున కొట్టుకుపోతుంది. అన్నాళ్లూ నిలబెట్టింది మనం కాదు, ఉపగ్రహాలని అప్పుడు తెలుస్తుంది. ఆ కొట్టుకుపోయేదాన్ని పట్టి, నిలిపి, గీసిన గుండ్రంలో దించితే నా దృష్టిలో అదే అసలు పరీక్ష. దివిసీమ ఆవిడ దించింది. గుండ్రానికి ఓ అడుగు అవతల, కానీ నిదానంగా, నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనేలా. నన్ను ఎదురు మొహం పెట్టి నిలపడం రెండోసారి చేయమన్నారు. రెండోసారి గట్టెక్కాను.

ఇప్పుడు నాకు మింగుడుపడని సంగతి. నేర్పేదీ వాళ్లే, పరీక్ష పెట్టేదీ వాళ్లే, పాసయ్యాడని రాసేదీ వాళ్లే. ఫీజు పుచ్చుకున్న చేత్తోనే ఫెయిల్ చేయగలిగే సంస్థ ఎన్ని ఉంటాయి? మా సార్ లాంటి వాళ్లు ఉంటారు, కాదనను. కానీ చేరకముందు నేను విచారించిన ఒక చోట ఫోనెత్తినాయన, "ఫొటోలకు ఓ పూట, పరీక్షకు ఓ పూట రండి సార్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. ఊరూ పేరూ రాయను. అలాంటి సర్టిఫికెట్ పట్టుకుని పాతిక కిలోల యంత్రాన్ని మనుషుల నెత్తి మీద తిప్పేవాడు పదేళ్లపాటు పైలటే. అమెరికాలో మనవాళ్లు ఇళ్ల ఫొటోలకీ సర్వేలకీ రాసే పార్ట్ 107 పరీక్ష తీరు దీనికి తలకిందులు. పరీక్ష కేంద్రం వేరే, 60 బిట్లు, రెండు గంటలు, 70 శాతం వస్తే పాస్. రెండేళ్లకోసారి మళ్లీ చదువుకోవాలి. కానీ అక్కడ డ్రోన్ ఎగరేసి చూపించమని ఎవరూ అడగరు! వాళ్ల రాత పరీక్షను, మన మైదానం పరీక్షను కలిపి, పరీక్షాధికారిని బయటి నుంచి తెస్తే బాగుంటుందని నా అభిప్రాయం. పదేళ్ల గడువు మరీ ఎక్కువ. ఆరు నెలలు రిమోట్ ముట్టుకోకపోతే ఎడమా కుడీ మళ్లీ మొదటికొస్తాయి.

ఇంతమంది ఇటు పరుగెత్తడానికి కారణాలు కళ్లముందే ఉన్నాయి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేడల మీదున్నవాళ్లకు అన్నం పొట్లాలు డ్రోన్లు మోసుకెళ్లాయి. మరుసటి నెల 22న కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి గిన్నిస్ రికార్డులు కొట్టాయి. ఓర్వకల్లులో డ్రోన్ హబ్ అన్నారు. "అయిదు వేల అయిదు వందల డ్రోన్లంటే అన్ని ఉద్యోగాలే కదన్నా" అన్నాడు మా బ్యాచ్‌లో ఒకబ్బాయి. ఆ డ్రోన్లన్నింటినీ నడిపింది కంప్యూటర్ ప్రోగ్రామ్ అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. సుబేదారు గారు చెప్పేశారు.

నిలకడగా పని ఉన్నది పొలంలోనే. చేతి పంపుతో ఎకరాకు నూరు లీటర్ల పైమాటగా నీళ్లు మోయాలి, మందు వాసన పీల్చాలి. డ్రోన్‌కు పది లీటర్లు, పదినిమిషాల లోపు పని. ఎకరాకు నాలుగైదు వందలు తీసుకుంటున్నారు. కేంద్రం 'నమో డ్రోన్ దీదీ' పేరుతో 1,261 కోట్ల రూపాయలతో 14,500 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని తలపెట్టింది. ధరలో 80 శాతం, ఎనిమిది లక్షలకు మించకుండా రాయితీ. ఆ పథకంలో శిక్షణ పదిహేను రోజులు. పైలట్ పరీక్షకు అయిదు, పురుగుమందులు, ఎరువుల పిచికారీకి ప్రత్యేకంగా పది. నిష్పత్తి చూడండి. ఎగరడానికి ఒక వంతు, కొట్టడానికి రెండు వంతులు. సొంతంగా ఫీజు కట్టి చేరేవాళ్లకు ఆ పది రోజులు ఎవరూ ఇవ్వరు, వెతుక్కోవాలి. గుంటూరు పక్కన లాంలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల శిక్షణకు ఈ పిచికారీ విషయంలోనే విలువ. హైదరాబాద్ వాళ్లకు బేగంపేటలో ప్రభుత్వ ఏవియేషన్ అకాడమీ ఉంది.

ఆ పథకంలో డ్రోన్‌తో పాటు వచ్చే సామానులో, అదనపు బ్యాటరీల పక్కన, అరచేతిలో పట్టే చిన్న వస్తువొకటి ఉంటుంది. గాలి వేగం కొలిచే మీటరు. పైన బుల్లి ఫ్యాను, కింద అంకెలు. చేలో అడుగుపెట్టగానే దాన్ని ఎత్తి పట్టుకోవాలి. పైరు మీద రెండు మీటర్ల ఎత్తున రాలే సన్నటి తుంపర గాలి ఎటుంటే అటు పోతుంది. హిందూపురం వైపు మల్బరీ మీద పడితే ఆకు తిన్న పట్టుపురుగు చస్తుంది. దివిసీమలో రొయ్యల చెరువు మీద పడితే చెరువు తేలుతుంది. ఆ నష్టం ముందు ఎకరాకు నాలుగొందలు ఏమూలకు?

బ్యాచ్ అయిన రెండు నెలలకు దివిసీమ ఆవిడ ఫోన్ చేసింది. ఆవిడకు డ్రోన్ వచ్చింది. మొదటి వారంలోనే ఒక పెద్దాయన పొద్దెక్కాక పిలిచాడట. చేను పక్కనే చెరువు. మీటరు ఎత్తి చూసింది. "గాలి ఉంది బాబాయ్, కొట్టను. రేపు తెల్లారకముందే వస్తా" అంది. ఆయన ఊరుకోలేదు, సంఘం పెద్దలకు ఫోన్ చేస్తానన్నాడు. "అంకె చూపించాను సార్. నేను చెప్తే వినలేదు గానీ మీటరు చెప్తే విన్నాడు" అంది నవ్వుతూ. మర్నాడు అయిదింటికే వెళ్లి కొట్టొచ్చిందట.

చేరాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో మీరే పోర్టల్లో చూసుకోండి, వాళ్లు గోడకు తగిలించిన కాగితాన్ని నమ్మకండి. పాత గైడ్లు కొనకండి. 2025 సెప్టెంబరులో కేంద్రం డ్రోన్లకు ప్రత్యేక బిల్లు ముసాయిదా బయటపెట్టింది, నియమాలు మారితే బిట్లూ మారతాయి. చేరేముందే ఇంట్లో ఉచిత సిమ్యులేటర్ మీద ఎదురు మొహం ఒక్కటే పది రోజులు సాధన చేయండి. ఇక ఫీజు కట్టేముందు ఒకటే ప్రశ్న అడగండి: మొత్తం అయిదు రోజుల్లో రిమోట్ ఎన్ని గంటలు నా చేతిలో ఉంటుంది? కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.